పొగ పోయిన నిప్పులు

రెండో వరద వచ్చిన సంవత్సరం అది. మొదటి వరద మా గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. రెండోది లోపలికి వచ్చి, ఇస్త్రీ బల్ల కాళ్ళు జానెడు ముంచి, మూడు రోజులు కూర్చుని, వెళ్తూ వెళ్తూ గాలివానతో కలిసి వసారా మీది రేకు పట్టుకుపోయింది. మా వీధిలో ఇప్పటికీ ఎవరి వయసు అడిగినా మొదటి వరదకి నడుస్తున్నాడనో, రెండో వరదకి పాకుతోందనో చెప్తారు తప్ప అంకె చెప్పరు.

నేను ఇస్త్రీ చేసేవాణ్ణి. మా నాన్న పనీ అదే. బొగ్గుల పెట్టెతో చేసేవాళ్ళం. వసారాలో బల్ల, ముందు గదిలో బట్టల మూటలు, వెనక గదిలో మేము ముగ్గురం. నేను, నా భార్య, మా అక్క. బావ పోయాక అక్క మా ఇంటికి వచ్చేసి అప్పటికి ఇరవై ఏళ్ళు. ఉతకడం వాళ్ళిద్దరిదీ, ఇస్త్రీ ముగ్గురిదీ. ఇంట్లో మాటలు మాత్రం ముందు అక్క మాట్లాడేది, మిగిలినవి మా ఆవిడ మాట్లాడేది. నా దాకా వచ్చేసరికి ఏమీ మిగిలేవి కావు. నాకూ కావలసి ఉండేవి కావు.

వరద తీశాక ఎవరింటి బట్ట చూసినా బురదే. స్తంభాలు పడిపోయి కరెంటు లేదు. కరెంటు పెట్టెలవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటే, బొగ్గుల పెట్టె వదలని మా ఏడిళ్ళకి పని వచ్చి నెత్తిన పడింది. ఆస్పత్రివాళ్ళ దుప్పట్లు, తెల్లకోట్లు కూడా మాకే వచ్చాయి. వాన మాత్రం ఆగలేదు. సన్నగా, గాలితో, పక్కనుంచి కొట్టే వాన.

వసారాకి రేకు లేదు గనక బల్ల ముందు గదిలోకి చేర్చాం. ఆ గదికి వీధి తలుపు ఒకటి, కిటికీ ఒకటి, వెనక గదిలోకి ఒక తలుపు. ఈ గోడనుంచి ఆ గోడకి నాలుగు తాళ్ళు కట్టాను. ఉతికిన బట్ట ఆరే దారి లేదు గనక తాళ్ళ కింద నిప్పుల కుంపటి పెట్టాం. ఇస్త్రీవాడికి గాలంటే గిట్టదు. ఒక్క విసురుకి బూడిద లేచి తెల్లబట్ట మీద వాలిందంటే మళ్ళీ ఉతకాలి, మళ్ళీ గంజి పెట్టాలి, మళ్ళీ ఆరెయ్యాలి. అందుకని కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కాను. తలుపు కింద గోనెసంచి చుట్టి అడ్డం పెట్టాను. అవన్నీ నేనే చేశాను. శ్రద్ధగా చేశాను.

పొగ విషయంలో కూడా నా అంత జాగ్రత్తపరుడు లేడు. బొగ్గులు బయటే రాజెయ్యాలి. పొగంతా పోయేదాకా విసరాలి. నల్లచుక్క అన్నది లేకుండా ఎర్రగా కాలిన తరవాతే లోపలికి తేవాలి. మా నాన్న నా చేత అలాగే చేయించాడు. పొగ గదిలోకి వస్తే బట్ట వాసన పట్టేస్తుంది. వానలో ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో విసురుతూ అరగంట కూర్చునేవాణ్ణి. పొగ పోయిన నిప్పంటే మా పనివాళ్ళకి వడగట్టిన నీళ్ళతో సమానం. చెడంతా పోయింది, ఇక ఇంట్లోకి తెచ్చుకోవచ్చు అనుకునేవాళ్ళం. మా ఏడిళ్ళవాళ్ళమూ అలాగే అనుకునేవాళ్ళం.

బల్ల లోపలికి చేర్చిన మూడో రోజునో నాలుగో రోజునో మా ఆవిడకి తలనొప్పి మొదలైంది. పొద్దున బాగానే లేచేది. పదింటికల్లా కణతలు నొక్కుకునేది. మధ్యాహ్నం కడుపులో తిప్పుతోందని కంచం ముందునుంచి లేచిపోయేది. అక్కకీ నొప్పి ఉండేదట, అది తరవాత తెలిసింది. అక్క తన నొప్పిని నొప్పిలా ఉండనిచ్చేది కాదు, తిట్లు చేసి బయటికి పంపేది. వానని తిట్టేది, బురదని తిట్టేది, కరెంటువాళ్ళని తిట్టేది, ఇంకా మిగిలితే నేనున్నాను.

"నొప్పి రాక ఏమొస్తుంది మరదలా? పొద్దస్తమానం వీడి మొహం ఎదురుగా పెట్టుకుని కూర్చుంటే," అంది ఒకరోజు.

"మీరు పుట్టినప్పటినుంచీ చూస్తున్నారుగా వదినా. మీకు అలవాటైపోయింది," అంది మా ఆవిడ.

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను కాలర్లు ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఆరోజు నా నుదుటి మీద కూడా ఎవరో పెట్టె ఆనించి నొక్కుతున్నట్టే ఉంది. వయసు మీద పడుతోంది అనుకున్నాను. చెప్పలేదు. చెప్తే ఎవరైనా పంచుకుంటారా ఏమిటి, అనుకున్నాను.

రోజుకి రెండుసార్లు మూట కట్టుకుని వెళ్ళి ఇళ్ళల్లో ఇచ్చిరావడం నా పని. ఒకరోజు నేను బొగ్గులు విసురుతుంటే మా ఆవిడ ఆ మూట తీసుకుని వెళ్ళిపోయింది. గంట తరవాత వచ్చింది. మొహానికి రంగు వచ్చింది. తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందని చెప్పింది. మర్నాడు పదింటికి మళ్ళీ కణతలు పట్టుకుంది, మళ్ళీ మూట అడిగింది. తరవాత రెండు మూటలూ ఆవిడే తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. తరవాత మూట లేకపోయినా సబ్బు అయిపోయిందనీ గుండీలు కావాలనీ ఏదో ఒకటి చెప్పి చెప్పులేసుకునేది. కొట్టుకి వెళ్ళి అగ్గిపెట్టె తెమ్మంటే దానికి గంట పట్టేది. తిరిగొచ్చేటప్పుడు కూనిరాగం తీస్తూ వచ్చేది. గుమ్మంలోకి వచ్చాక కాసేపటికి అది ఆగిపోయేది.

"మా మరదలికి వీధిగాలి పడిందిరా," అంది అక్క. "ఇంట్లో ఉంటే ముసలమ్మ. గుమ్మం దాటితే పదహారేళ్ళ పడుచు."

వేళాకోళానికే అంది. అది నాకు గుచ్చుకుంది. ఆ రోజుల్లో నా తలా సరిగ్గా లేదు. ఏ ఆలోచన మొదలుపెట్టినా తిన్నగా సాగేది కాదు, గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేది. ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపురం చేశాం. ఇప్పుడు ఈ మనిషికి నా ఇల్లంటే తలనొప్పిగా ఉంది అనుకున్నాను. ఇల్లంటే నేనే కదా. బయటికి వెళ్తే నవ్వుతోంది, నా ఎదురుగా కూర్చుంటే వాడిపోతోంది. ఇంకెవరైనా ఇంకోలా ఎలా అనుకుంటారు? అడిగేస్తే పోయేది. అడగలేదు. ఆవిడ ఏమన్నా చెప్తే ఊ కొట్టడం కూడా మానేశాను.

ఆవిడ గమనించింది. ఒక సాయంత్రం దుప్పటి మడతకి చెరో కొసా పట్టుకున్నప్పుడు, నేనేమన్నా అన్నానా మిమ్మల్ని, అని అడిగింది. లేదన్నాను. మరి, అంది. నా కొస ఆవిడ చేతికి ఇచ్చేసి పెట్టెలో నిప్పులు నింపుకోవడానికి వెళ్ళాను.

పన్నెండో రోజు పొద్దున ఆస్పత్రికి నలభై దుప్పట్లు, ఎనిమిది కోట్లు సిద్ధమయ్యాయి. ఇంకో విడత కోట్లు బల్ల మీద ఉన్నాయి. నేను మూట కడుతుంటే మా ఆవిడ తలకి తడిగుడ్డ చుట్టుకుని వచ్చి, నేనిచ్చొస్తానని ఒక ముడి పట్టుకుంది. బరువన్నాను. రెండుసార్లుగా తీసుకెళ్తానంది. ఒక ముడి ఆవిడ చేతిలో ఉంది, ఒక ముడి నా చేతిలో ఉంది. లాక్కున్నానని అనను. వదల్లేదు.

"ఇది నా పని," అన్నాను. "కాస్త ఇంటిపట్టున ఉండు. ఎప్పుడు చూసినా వీధి."

ఆవిడ నా మొహంలోకి చూసింది. ముడి వదిలేసింది. బల్ల దగ్గరికి వెళ్ళి పెట్టె అందుకుంది. నేను మూట నెత్తికెత్తుకుని బయటికి వచ్చి, జల్లు పడుతోందని తలుపు నా చేత్తోనే దగ్గరికి లాగాను. గోనె సరిగ్గా సర్దమని అక్కకి చెప్పి మరీ వెళ్ళాను.

ఆస్పత్రిలో బట్టలు లెక్క చూసుకునేది పెద్ద నర్సమ్మ. లావుపాటి మనిషి, కళ్ళజోడు ముక్కు చివర ఉండేది. అంతకుముందు ఆవిడకీ నాకూ మధ్య జరిగిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆవిడ దుప్పట్లు తిరగేస్తుంటే నేను గోడకి ఆనుకున్నాను. కాళ్ళు నిలవలేదు, జారి కూర్చున్నాను.

ఏంటి పెద్దాయనా, పొద్దున్నే పుచ్చుకున్నారా, అంది. లేదమ్మా, తలనొప్పి అన్నాను. ఆ మాట నా నోటినుంచి రావడం అదే మొదటిసారి. ఎన్నాళ్ళనుంచి అంది. పది రోజులన్నాను. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అంది. మా ఆవిడకుంది అన్నాను. అక్క కూడా పొద్దున తల గోడకేసి ఆనించుకుని కూర్చోవడం అప్పుడు గుర్తొచ్చింది. అందరికీ ఉన్నట్టుందమ్మా అన్నాను. ఇక్కడికి నడిచొచ్చాక కాస్త తేలికపడిందా అంది. పడింది. మా ఆవిడకైతే గుమ్మం దాటగానే పోతుందని చెప్పాను.

నర్సమ్మ చేతిలో మడత ఆగిపోయింది.

"ఇంట్లో ఏం కాలుస్తున్నారు?"

"బొగ్గులు. పొగ పోయాకే లోపలికి తెస్తాం."

"తలుపులు?"

"మూసే ఉంటాయి. బూడిద ఎగురుతుంది కదా."

"ఇప్పుడు లోపల ఎవరున్నారు?"

చెప్పాను. ఆవిడ దుప్పటి బల్ల మీద పడేసి చెప్పులు వెతుక్కుంది. ఎందుకని నేను అడగలేదు. ఆ వెతుక్కునే తీరు చూస్తే తెలిసిపోయింది.

ఆస్పత్రి బండి మా వీధి మలుపు దాకా వచ్చింది. అక్కణ్ణుంచి మోకాలిలోతు బురద. నర్సమ్మ, డ్రైవరు, నేను పరిగెత్తాం. నర్సమ్మే ముందు చేరింది.

తలుపు నెడితే గోనె అడ్డం పడింది. భుజం పెట్టి నెట్టాను. లోపల ఏమీ లేదు. ఇన్నేళ్ళయినా అదే నాకు కళ్ళకి కట్టినట్టుంటుంది. పొగ లేదు, మసి లేదు, ఘాటు లేదు. తెల్లదుప్పట్లు వరసగా వేలాడుతున్నాయి. కుంపట్లో నిప్పులు ఎర్రగా, చూడముచ్చటగా ఉన్నాయి. గది వెచ్చగా, పడుకుంటే బాగుండుననిపించేలా ఉంది. మా ఆవిడ ఒక మూట మీదికి పక్కకి ఒరిగిపోయి ఉంది. అక్క గోడకి చేరగిలబడి, సగం కళ్ళు తెరిచి, తలుపు వెయ్యరా, గాలొస్తోంది అంది. బల్ల మీద పెట్టె ఒక కోటు వీపు మీదే ఉండిపోయింది. మాడు వాసన వస్తోంది.

నా చెయ్యి ముందు ఆ పెట్టె మీదికి పోయింది. చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. భార్య నేల మీద పడి ఉంది, నలభై ఏళ్ళ అలవాటు ఉన్న చెయ్యి పెట్టెని వెతుక్కుంది.

"మాడనియ్యి దాన్ని. ముందు మనిషిని తియ్యి," అంది నర్సమ్మ.

మా ఆవిణ్ణి రెండు చేతులా ఎత్తుకున్నాను. అక్కని డ్రైవరూ నర్సమ్మా చంకల కింద పట్టుకుని ఈడ్చుకొచ్చారు. రేకు లేని వసారాలో వానలోనే పడుకోబెట్టాం. నర్సమ్మ వెనక్కి వెళ్ళి ఒక్క ఊపులో కిటికీ గుడ్డలన్నీ పీకి, రెక్కలు తెరిచి, బయటికొచ్చి ఊపిరి పీల్చుకుంది. మా ఆవిడ మొహం మీద వాన పడుతోంది. రెప్ప కదల్లేదు. నేను పేరు పెట్టి పిలిచాను. పెళ్ళైన కొత్తలో ఒకటి రెండుసార్లు తప్ప అలా పిలిచింది లేదు. మళ్ళీ పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో నర్సమ్మే చెప్పాలి. చివరికి దగ్గింది, పక్కకి తిరిగి వాంతి చేసుకుంది, నన్ను చూసింది.

"మీరింకా వెళ్ళలేదా," అంది.

ఆస్పత్రిలో ఇద్దరి మూతులకీ గొట్టాలున్న తొడుగులు పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. నాకూ కాసేపు పెట్టారు. కుర్ర డాక్టరు వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుని చెప్పాడు. మూసిన గదిలో బొగ్గు కాలితే ఒక విషవాయువు పుడుతుందట. కార్బన్ మోనాక్సైడ్ అన్నాడు. రెండుసార్లు చెప్పించుకున్నాను. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగైతే కళ్ళు మండి మనిషి లేచి బయటికి పోతాడు, ఇది మెల్లగా నిద్రపుచ్చుతుంది. నిప్పు ఎర్రబడి పొగ పోయాక అది పోదు, అప్పుడూ వస్తూనే ఉంటుందట. మీరు పోగొట్టింది కనపడేదాన్ని, కనపడనిదాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నారు అన్నాడు. కుంపటిగానీ పెట్టెగానీ బొగ్గుతో నడిచేది ఏదీ గదిలో వద్దు, కిటికీ తెరిచినా చాలదు, ఆరుబయటే అన్నాడు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలలు నొప్పెడితే మందు కోసం చూడకుండా ముందు అందరూ బయటికి నడవమన్నాడు. దాన్ని పసిగట్టి మోగే చిన్న యంత్రం ఉంటుందనీ, దొరికితే గోడకి తగిలించుకోమనీ చెప్పాడు. అప్పటికి మా వీధిలో ఎవరి గోడకీ అలాంటిది లేదు.

నర్సమ్మకి ఎలా తట్టిందని అడిగాను. ముందు వారం వంతెన అవతలినుంచి ఒక తండ్రినీ కూతుర్నీ తెచ్చారట. వరదకి తడిసిన పరుపు ఆరబెట్టుకుంటూ గదిలో కుంపటి పెట్టుకున్నారట. వాళ్ళకి ఆలస్యమైపోయింది, అని చెప్పి ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది.

సాయంత్రానికి మా ఆవిడ కళ్ళు తేటపడ్డాయి. అక్క అయితే తొడుగు లోపలినుంచే ఏదో చెప్తూ ఉంది, నర్సమ్మ రెండుసార్లు కసిరింది. నేను మా ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను.

"నాకూ నొప్పే," అన్నాను.

ఆవిడ తల తిప్పింది.

"పది రోజులనుంచి. మీ ఇద్దరికంటే తక్కువే. వానలో విసురుకుంటూ బయటే ఉండేవాణ్ణి కదా."

ఆవిడ తొడుగు పక్కకి జరిపింది. "మరి చెప్పలేదేం?"

"చెప్పి ఏం చెయ్యాలని?"

"ఏం చెయ్యక్కర్లేదు. నాకూ నొప్పే అంటే చాలు. ముగ్గురికీ ఉందని తెలిసేది."

అలవాటు ప్రకారం ఊరుకుందామనుకున్నాను. ఊరుకోలేకపోయాను. నువ్వు అస్తమానం బయటికి పోతుంటే నా మీద విసుగు పుట్టిందనుకున్నాను, అందుకే మూట ఇవ్వలేదు అని చెప్పేశాను.

కోప్పడుతుందనుకున్నాను.

"ముప్ఫై ఏళ్ళ తరవాతా?" అంది. "విసుగు మొదటి ఏడే వచ్చింది. రెండో ఏడు పోయింది."

"నాకు మాత్రం ఇంకా పోలేదు," అంది పక్క మంచం మీదనుంచి అక్క.

నర్సమ్మ వచ్చి ఇద్దరి తొడుగులూ సరిచేసి, నోళ్ళు మూసుకుని పడుకోమంది. మా ఆవిడ పడుకుంది. నాకు ఆ నిద్ర మీద నమ్మకం కలగలేదు. దుప్పటి లేస్తోందా, దిగుతోందా అని చూస్తూ కూర్చున్నాను. ఉండబట్టలేక భుజం తట్టి లేపాను. ఏమిటంది. ఏం లేదన్నాను. ఇంకాసేపటికి మళ్ళీ లేపాను. మూడోసారి లేపేసరికి నన్నూ, నన్ను కన్నవాళ్ళనీ, ఈ సంబంధం కుదిర్చినవాళ్ళనీ కలిపి తిట్టింది. ఆ తిట్లు విన్నాక నేనూ కాస్త కునుకు తీశాను.

తెల్లవారాక ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా పొడుగాయన ఇంటికి వెళ్ళాను. మా ఏడిళ్ళలో ఆయనదొకటి, మా వెనక వీధిలో ఇస్త్రీ చేస్తాడు. ఎదురుపడితే తల ఊపడం తప్ప ఇరవై ఏళ్ళలో మేము మాట్లాడుకున్నది లేదు. ఆయన కిటికీ సందుల్లోనూ గుడ్డలున్నాయి, నాకంటే నీటుగా కుక్కాడు. తలుపు కొట్టాను. చేతిలో విసనకర్రతో వచ్చాడు. కాస్త మాట్లాడాలి అన్నాను. ఆయన మొహం పాలిపోయింది.

"ఎవరు పోయారు?" అన్నాడు.

"ఎవరూ పోలేదు," అన్నాను. "నాకు పది రోజులనుంచి తలనొప్పి. ఎవరికీ చెప్పలేదు. నీకెలా ఉంది?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. చెయ్యి నుదుటి దాకా వెళ్ళింది. నీకెవరు చెప్పారు, అన్నాడు. ముందు ఇంట్లోవాళ్ళని బయటికి పిలువు, తరవాత చెప్తానన్నాను. ఆయన లోపలికి తిరిగి భార్యని కేకేశాడు. ఆవిడ కొంగుతో తల బిగించి కట్టుకుని వచ్చింది. ఆవిడ వెనకే పెద్దపిల్ల, చంకలో చిన్నపిల్లతో వచ్చింది. అందరూ వానలో నిలబడి నన్ను చూస్తున్నారు. కుంపటికి ఒక చెవి ఆయన పట్టుకున్నాడు, ఒకటి నేను పట్టుకున్నాను. బయటికి మోసుకొచ్చి నీళ్ళు పోశాం. అప్పుడు మొదటినుంచీ చెప్పాను. చెప్పడం అయ్యాక మూడో ఇంటికి వెళ్ళాను.